కుడియెడమల తారుమారు

దూరదేశములందున్న బిడ్డలతో ముఖము చూచుచు మాటలాడు సౌకర్యము నేడు పల్లెలలోని పెద్దలకును లభించినది. ఫోను తెరపై వారి ముఖము పెద్దదిగను, మూలగా మన ముఖము చిన్నదిగను కన్పట్టును. ఆ మూలనున్న మన రూపమును గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను. దాని తీరు తెలియకున్న చిక్కులు గలవు.

సాధారణముగా ఆ రూపము అద్దములోని ప్రతిబింబమువంటిది. మనము కుడిచేయి యెత్తినచో తెరకు కుడిప్రక్కననే చేయి లేచును. అవతలివారికి చేరునది మాత్రము ప్రతిబింబము కాదు, బింబమే. ఎదుట కూర్చున్నవాని కుడిచేయి మనకు ఎడమప్రక్కన కనబడునట్లే మన చేయియు వారికి కనబడును.

ఈ భేదమేల? పుట్టినది మొదలు మన ముఖమును మనము అద్దమునందే చూచుకొనుచున్నాము. బొట్టు దిద్దుకొనుటయు, తలపాగ సవరించుకొనుటయు దానిని చూచియే యలవడినవి. తెరపై నిజరూపమును చూపినచో, మనము కుడికి జరుగగా బొమ్మ యెడమకు జరుగును, చేయి తడబడును. అందువలన మనకు మాత్రము అద్దపురూపమును చూపు నేర్పాటు చేసిరి.

అద్దము నిజముగా కుడియెడమలను మార్చునా? తూర్పుమొగమై అద్దము నెదుట నిలిచి కుడిచేయి యెత్తుడు. ఆ చేయి దక్షిణమున నుండును. సంస్కృతమున కుడికిని ఆ దిక్కునకును దక్షిణమని యొక్కటే పేరు. ప్రతిబింబమునందును దక్షిణపు చేయియే లేచును. తల మీదనే, పాదములు క్రిందనే. మారినదొక్కటే: మనము తూర్పు చూచుచుండగా అది పడమర చూచుచున్నది. అద్దము తారుమారు చేయునది ముందువెనుకలను. పడమర చూచువానికి దక్షిణము ఎడమప్రక్క గనుక, లేచినది ఎడమచేయియని మనము భ్రమింతుము.

ఈ భ్రమ చరిత్రమునందును చొరబడినది. వెనుకటి కాలమున పలుచని ఇనుపరేకుపై తీసిన ఛాయాచిత్రములు అద్దమువలె తారుమారుగ నుండెడివి. అమెరికాలో బిల్లీ ది కిడ్ అను బందిపోటునకు 1880 ప్రాంతమున అట్టి చిత్రమును తీసిరి. దానిని చూచి లోకులు వాడు ఎడమచేతివాటము గలవాడని చిరకాలము నమ్మిరి. 1958లో ఆ యర్థము వచ్చు పేరుతోనే వానిపై చలనచిత్రము వెలువడినది. వాని తుపాకికి తూటాలు నింపు ద్వారము కుడివైపున నుండవలెను. చిత్రమున ఎడమవైపున నున్నది. దానివలన గుట్టు బయటపడినది.

"ఫోటోలో నా మొగము నాదివలె లేదు" అను మాట తరచుగా విందుము. 1977లో మిటా, డెర్మర్, నైట్ అను అమెరికా పరిశోధకులు దీనిని పరీక్షించిరి. తమ చిత్రములలో తమకు అద్దపురూపమును, తమ స్నేహితులకు నిజరూపమును ఎక్కువగా నచ్చినవి. ఎవరికలవాటైన రూపము వారికింపు.

ఇక జాగ్రత్తలు. జాబునో మందుచీటినో చూపునప్పుడు అక్షరములు మన తెరపై తిరుగబడి కన్పట్టును. అంతమాత్రమున కాగితమును త్రిప్పవలదు. అవతలివారు చక్కగా చదువగలరు. మనము తీసికొన్న మన చిత్రము కొన్ని ఫోనులలో నిజరూపముగను, కొన్నిట అద్దపురూపముగను నిలిచిపోవును. కంటిజబ్బును జూపుచు అట్టి చిత్రమును వైద్యునకు పంపినచో, కుడికన్ను ఎడమకన్నుగ నెంచబడు ప్రమాదము గలదు. కావున వ్రాసిన కాగితమొకటి చేతబట్టి చిత్రమును తీయుడు. అక్షరములు తిరుగబడినచో ముఖమును తిరుగబడినదే. "ఇటువైపు" అని వ్రేలు చూపి యూరకుండక, "అన్నము తిను చేతివైపు కన్ను" అని నోట చెప్పుడు. అద్దమునకైనను, తెరకైనను ఆ మాట తారుమారు కాదు.