తీరం దగ్గర చేపల వేట – నీటిని చదివే విద్య



2024 డిసెంబరు మొదటి రెండు రోజులను మన ఊత్తంగరై వాళ్లు అంత సులభంగా మరిచిపోరు. ఫెంగల్ తుపాను నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. బలహీనపడి మన వైపు జరిగి, ఒక్క రోజులో ఊత్తంగరైలో దాదాపు 50 సెంటీమీటర్ల వాన కురిపించింది. చెరువు పొంగింది. రోడ్డు పక్కన నిలబెట్టిన వ్యాన్లు, కార్లు బొమ్మల్లాగా పల్లానికి కొట్టుకుపోయాయి. సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాం, సముద్రంతో మనకేమి పని అనుకునేవాళ్లం. ఆ రెండు రోజుల్లో సముద్రమే మన ఊరికి వచ్చి వెళ్లినట్టయింది.

బడి మళ్లీ తెరిచాక తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు. "సార్, మనకే ఇంత అయితే, కడలూరులో చేపలు పట్టేవాళ్లు ఆ రోజు ఏమి చేసివుంటారు?" పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు. తర్వాతి వేసవిలో కడలూరు వెళ్లినప్పుడు, తీరంలో చిరిగిన వల అల్లుకుంటున్న ఒక పెద్దాయనను ఆ ప్రశ్నే అడిగాను. ఆయన తల ఎత్తకుండానే తమిళంలో చెప్పిన మాటకు అర్థం ఇది: "ఇంట్లో కూర్చున్నాం, వాద్యార్. ఎప్పుడు పోకూడదో తెలియడమే మా పనిలో మొదటి పాఠం."

ఆ మాట పట్టుకుని ఆ పూటంతా ఆయన పక్కనే కూర్చున్నాను. తీరానికి దగ్గరగా ఉప్పునీటిలో చేపలు ఎలా పడతారు, అందులో మన వంటి మెట్ట ప్రాంతం వాళ్లు తెలుసుకోవలసింది ఏమిటి అన్నదే ఈనాటి నా ప్రసంగం.

అమెరికాలో మయామీ వంటి నగరాల్లో ఏటా పెద్ద పెద్ద పడవల ప్రదర్శనలు జరుగుతాయి. కొత్త పడవలు, ఇంజన్లు, గాలపు కర్రలు అమ్మకానికి పెడతారు. అనుభవం ఉన్న వేటగాళ్లు వచ్చి, తీరం దగ్గర ఏ చేప ఎక్కడ ఉంటుంది, ఎర ఎలా గుచ్చాలి, ముడి ఎలా వేయాలి అని జనానికి నేర్పుతారు. మన తూర్పు తీరంలో అటువంటి ప్రదర్శన టిక్కెట్టు లేకుండానే చూడవచ్చు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి సంతానం పెంచుకోవడానికి ఇచ్చిన గడువు అది. ఆ రోజుల్లో కడలూరు అయినా, చెన్నై కాశిమేడు అయినా, విశాఖపట్నం రేవు అయినా పడవలన్నీ వరుసగా కట్టేసి ఉంటాయి. వలలు బాగుచేసుకునేవాళ్లు, పడవలకు రంగు వేసుకునేవాళ్లు కాస్త తీరికగా ఉంటారు. మర్యాదగా అడిగితే విసుక్కోకుండా చెబుతారు.

నేను మొదట అడిగింది వల గురించి. ఆయన మొదట చూపించింది నీటిని.

ఒడ్డు మీద నిలబడి చూస్తే మనకు సముద్రమంతా ఒకే రకంగా కనిపిస్తుంది. నిజానికి ఒడ్డుకు కొంచెం దూరంలో నీటి అడుగున ఇసుక తిన్నెలు ఉంటాయి. ఆ తిన్నె మీద లోతు తక్కువ కాబట్టి అల అక్కడ విరిగి తెల్లగా నురగ కడుతుంది. తిన్నెకూ ఒడ్డుకూ మధ్య పొడవాటి పల్లం ఉంటుంది. అక్కడ నీరు కాస్త ముదురు రంగులో ఉంటుంది. అలల తాకిడికి ఇసుకలోంచి లేచిన పురుగులు, చిన్న రొయ్యలు, పీతలు ఆ పల్లంలోకి చేరతాయి. వాటి కోసం చేపలు అక్కడికి వస్తాయి. అందుకే కొత్తవాళ్లు గాలాన్ని బలమంతా పెట్టి దూరంగా విసిరితే అది చేపలను దాటి అవతల పడుతుంది. తెలిసినవాడు నీరు బాగా తీసిన వేళ ముందుగా వచ్చి, ఇసుకలో ఎక్కడ గుంత ఉంది, ఎక్కడ మెరక ఉంది అని చూసి గుర్తు పెట్టుకుంటాడు. నీరు ఎక్కేటప్పుడు వచ్చి ఆ గుంతలోనే గాలం వేస్తాడు.

నీరు ఎక్కడం, తీయడం అన్నానుగదా, అవే ఆటుపోట్లు. మన తీరంలో రోజుకు రెండుసార్లు నీరు ఎక్కుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఈ రోజు ఒక వేళకు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పంచాంగం చూసే అలవాటు ఉన్నవాళ్లకు ఇది తేలిక. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ ఆటుపోట్లు ఎక్కువగా ఉంటాయి. అష్టమి ప్రాంతంలో తక్కువగా ఉంటాయి. సూర్యచంద్రులు ఒకే వరుసలో ఉన్నప్పుడు వాటి ఆకర్షణ కలిసి పనిచేయడం, అడ్డంగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి తగ్గించడం దీనికి కారణం. చెన్నై వైపు పెద్ద పోటు రోజుల్లో కూడా తేడా సుమారు ఒక మీటరే. ఆ ఒక్క మీటరే ఏటి మొగలో నీటిని పరుగెత్తిస్తుంది. నీరు తీసేటప్పుడు లోపలి కయ్యల్లోని చిన్న చేపలు, రొయ్యలు ప్రవాహంతో బయటికి వస్తాయి. పెద్ద చేప మొగ దగ్గర ఎదురు చూస్తుంది. కాబట్టి విసురు వల పట్టినవాడు కూడా ఆ వేళకే మొగ దగ్గరకు చేరతాడు.

గాలి సంగతి కూడా అంతే. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, నీరు వెచ్చగానే ఉంటుంది. కాబట్టి తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం మీదికి వీస్తుంది. మధ్యాహ్నానికి నేల కాగి, గాలి సముద్రం మీది నుంచి ఒడ్డుకు తిరుగుతుంది. ఇంజన్లు లేని రోజుల్లో తెరచాప ఎత్తిన తెప్పలు తెల్లవారకముందే ఆ గాలితో లోపలికి పోయి, మధ్యాహ్నం ఈ గాలితో తిరిగి వచ్చేవి. మనం తెప్ప అనేదాన్నే తమిళంలో కట్టుమరం అంటారు. ఇంగ్లీషువాళ్లు ఆ తమిళ మాటనే తీసుకుని కాటమరాన్ అన్నారు. ఇప్పుడు చాలా చోట్ల తెప్పల స్థానంలో ఫైబరు పడవలు వచ్చాయి.

ఇక వలల విషయానికి వద్దాం. తీరం దగ్గర ముఖ్యంగా నాలుగు పద్ధతులు చూస్తాం.

మొదటిది విసురు వల. ఒక్క మనిషి చేతితో విసిరేది. అంచున సీసపు గుళ్లు ఉంటాయి. గాలిలో గొడుగులాగా విచ్చుకుని నీటి మీద గుండ్రంగా పడాలి. మన కృష్ణగిరి డ్యాము దగ్గర జిలేబీ చేపలు పట్టేవాళ్ల చేతుల్లోనూ ఇటువంటి వల చూసే ఉంటారు.

రెండవది మొప్పలు చిక్కుకునే వల. పైన తేలే బెండ్లు, కింద బరువులు కట్టి, నీటిలో గోడలాగా నిలబెడతారు. చేప తల కన్నులోంచి దూరుతుంది, ఒళ్లు దూరదు. వెనక్కి పోదామంటే మొప్పలు పట్టుకుంటాయి. కన్ను ఎంత పెద్దదైతే అంత పెద్ద చేపే చిక్కుతుంది, చిన్నది దాటిపోతుంది. అంటే ఏ వయసు చేపను పట్టాలి అన్నది వల అల్లేటప్పుడే నిర్ణయం అయిపోతుంది.

మూడవది తీరపు లాగుడు వల. ఆంధ్ర తీరంలో అలివి వల అంటారు, తమిళంలో కరవలై. తాడు ఒక కొసను ఒడ్డున కొందరు పట్టుకుంటారు. పడవ వలను నీటిలోకి జారవిడుస్తూ అర్ధచంద్రాకారంలో తిరిగి వచ్చి, రెండో కొసను దూరంగా ఉన్న ఇంకో గుంపుకు అందిస్తుంది. రెండు గుంపులూ లాగుతూ ఒకరికొకరు దగ్గరవుతారు. నడుమ ఉన్న సంచిలో చేపలు పడతాయి. ఆడవాళ్లు, మగవాళ్లు, ముసలివాళ్లు అందరూ కలిస్తేనే ఆ వల ఒడ్డుకు వస్తుంది. దీనికి అడుగున రాళ్లు లేని ఇసుక నేల కావాలి. చేపల గుంపు వస్తే నీటి మీద నల్లటి నీడ కదులుతుంది, పైన పక్షులు దూకుతుంటాయి. అది కనిపెట్టే అనుభవం ఉన్న కన్ను ఒకటి ఒడ్డున ఉండాలి.

నాలుగవది గాలం. తీరంలో గాలానికి పడే చేపల్లో పేరున్నది పండుగప్ప. తమిళంలో కొడువా అంటారు. రాళ్ల సందున, మడ చెట్ల వేళ్ల మధ్య పొంచి ఉండి ఎర మీదికి దూకుతుంది. బతికున్న రొయ్యను ఎరగా పెడితే దానికి ఇష్టం. ఈ చేపలో ఒక వింత ఉంది. మొదట మగదిగా ఎదిగి, కొన్నేళ్ల తర్వాత ఆడదిగా మారుతుంది. అంటే చేతికి చిక్కిన పెద్ద పండుగప్ప చాలావరకు తల్లి చేపే అన్నమాట. చిన్నవాటిని పట్టేస్తే తల్లులు తయారు కావు, పెద్దవాటినన్నిటినీ పట్టేస్తే గుడ్లు ఉండవు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పెంపకం సంస్థ 1997లో పండుగప్ప పిల్లలను హేచరీలో పుట్టించగలిగింది. అయినా సముద్రంలో తల్లిని కాపాడుకోవలసిన అవసరం తీరలేదు.

తీరం దగ్గర నీరు అందరికీ చాలేంత పెద్దది కాదు. అందుకే పోటీ కూడా అక్కడే ఎక్కువ. విశాఖపట్నంలో 2022 జనవరిలో రింగు వలల విషయమై మత్స్యకారుల మధ్యనే గొడవలు జరిగి, పడవలకు నిప్పు పెట్టేదాకా వెళ్లింది. రింగు వల చేపల గుంపును మొత్తంగా చుట్టేస్తుంది. దాన్ని 8 కిలోమీటర్ల అవతలే వాడాలన్నది నియమం. ఒడ్డు దగ్గరి నీరు చిన్న పడవలవాడి కంచం. ఆ కంచంలో ఇంకొకరు చెయ్యి పెడితే ఊరుకోవడం కష్టమే.

ఇప్పుడు శాస్త్రం కూడా ఈ విద్యకు తోడుగా వచ్చింది. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఉపగ్రహాలు చూపించే నీటి వేడిమిని, నీటిలోని పచ్చదనాన్ని బట్టి చేపలు ఎక్కడ చేరవచ్చో, ఏ రేవు నుంచి ఏ దిక్కుగా ఎంత దూరమో చెబుతుంది. పెద్ద అలల గురించీ, ఉప్పెనల గురించీ హెచ్చరికలు ఇస్తుంది. నీటి మీది నల్ల నీడను ఒడ్డు నుంచి చూసేది ముసలాయన కన్ను. పచ్చదనాన్ని ఆకాశం నుంచి చూసేది ఉపగ్రహం. రెండూ చేసేది ఒకటే పని, నీటిని చదవడం.

శ్రోతలారా, ఇంతసేపు ఈ సంగతులు చెప్పింది మీరంతా వల కొనుక్కోవాలని కాదు. ఆ పెద్దాయన నాకు ఆఖరున చూపించినది మీకు చెప్పాలని.

అలలు వరుసగా విరుగుతున్న చోట, నడుమ ఒక సందు చూపించాడు. అక్కడ అల విరగడం లేదు. నీరు ముదురు రంగులో, నిమ్మళంగా ఉంది. "స్నానానికి దిగాలంటే ఎక్కడ దిగుతారు, వాద్యార్?" అని అడిగాడు. అలలు లేని చోటు మంచిది కదా అని నేను ఆ సందునే చూపించాను. ఆయన నవ్వలేదు. "ఊళ్ల నుంచి వచ్చే పిల్లలందరూ అక్కడే దిగుతారు" అన్నాడు.

ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి పోవడానికి దారి వెతుక్కుంటుంది. ఇసుక తిన్నె తెగిన చోట ఆ నీరు వేగంగా లోపలికి పారుతుంది. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు, చూడడానికి ప్రశాంతంగా కనిపిస్తుంది. జాలరికి అది చేపల దారి. తెలియక దిగినవాడిని అది లోపలికి లాక్కుపోతుంది. మన పిల్లలకు చెరువూ బావీ డ్యామూ తెలుసు. అక్కడ కదలని నీరు ఈతకు అనువు. సముద్రంలో ఆ లెక్క పనికిరాదు.

2024 మే నెలలో కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచిలో ఐదుగురు వైద్య విద్యార్థులు అలలకు కొట్టుకుపోయి చనిపోయారు. ఉప్పెన అలల హెచ్చరిక అంతకుముందే వచ్చింది. చదువుకున్న పిల్లలే. ఆ నీటిని చదవడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

నేర్పగలిగినవాళ్లు మనకు లేకపోలేదు. ఒడిశాలోని పూరీ తీరంలో నోలియాలు అని ఉన్నారు. తరాల కిందట ఆంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు మత్స్యకారులు వాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. మన లాగే సరిహద్దు బతుకు. జగన్నాథుని దర్శనానికి వచ్చి సముద్రస్నానం చేసే యాత్రికులను చెయ్యి పట్టుకుని దించి, కొట్టుకుపోతున్నవాళ్లను ఈది పట్టుకొచ్చేవాళ్లు వాళ్లే. చేపల కోసం నేర్చిన విద్యతోనే మనుషుల ప్రాణాలు నిలబెడుతున్నారు.

కాబట్టి ఈసారి పుదుచ్చేరికో, కడలూరుకో, మహాబలిపురానికో పిల్లలతో వెళ్లినప్పుడు, నీళ్లలో దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. అల ఎక్కడ విరుగుతోంది, ఎక్కడ విరగడం లేదు గమనించండి. అక్కడి జాలరి ఎవరైనా కనిపిస్తే అడగండి. వద్దంటే దిగకండి. ఒకవేళ నీరు లాగితే దానికి ఎదురు ఈది అలసిపోకూడదు. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక అలలతో పాటు ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే నీళ్లలోకి దూకకుండా, తేలే ఖాళీ డబ్బానో బంతినో తాడునో విసరాలి. ఒకరి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లు చాలా ఉన్నాయి.

మన దక్షిణ పినాకిని నందికొండల్లో పుట్టి, హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాము, కృష్ణగిరి డ్యాము దాటి, మన హనుమతీర్థం గట్టును ఒరుసుకుని, సాత్తనూరు మీదుగా కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఊత్తంగరైలో కురిసిన వాన కూడా చివరికి ఆ మొగకే చేరుతుంది. ఆ నీటి వెంట మన పిల్లలు కూడా ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి వెళ్తారు. వెళ్లే ముందు ఆ పెద్దాయన చెప్పిన మొదటి పాఠం వాళ్ల చెవిన వేయండి. ఎప్పుడు పోకూడదో తెలియాలి.