భిలాయ్‌లో ఆరు గంటలు

హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ మీదుగా భిలాయ్ దాదాపు 760 కిలోమీటర్లు. నాగ్‌పూర్ దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 500, అక్కణ్నుంచి 53వ నంబరు రహదారి మీద 260. సిర్‌పూర్‌కో అమర్‌కంటక్‌కో కార్లో బయల్దేరినవాళ్లు చాలామంది ఇక్కడ ఆగరు. రాయ్‌పూర్ ఇంకో 30 కిలోమీటర్లే కదా అని సాగిపోతారు. బండిలో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం ఒక్క పూట ఆగమని గట్టిగా చెప్తాను. ఉక్కు కోసం కట్టిన ఊరు ఇది. తొమ్మిది, పది చదివే పిల్లలు తమకొచ్చిన లెక్కలతోనే దీన్ని అర్థం చేసుకోగలరు.

ముందు నిద్ర సంగతి. ఈ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు వైద్యులు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి బండెక్కిస్తే దారంతా నిద్రపోతారు, దిగాక దేని మీదా మనసు నిలవదు. అందుకే రాత్రి నాగ్‌పూర్‌లో పడుకుని ఏడింటికి బయల్దేరండి. టిఫినుకు ఆగినా మధ్యాహ్నానికి భిలాయ్ చేరొచ్చు. సాయంత్రం ఆరు దాకా ఆరు గంటలు. భోజనానికి ఒకటి, మైత్రీ బాగ్ జూకు రెండు, తిరుగుళ్లకు ఒకటి, రైల్వే స్టేషన్‌కు అరగంట పోతే గంటన్నర మిగులుతుంది. దాన్ని మీరు నింపకండి, పిల్లలకు వదిలేయండి.

ఉక్కు కర్మాగారం లోపలికి ముందస్తు అనుమతి లేకుండా వెళ్లలేరు. కాబట్టి దాన్ని నమ్ముకుని ప్రయాణం వేసుకోవద్దు. గేటు బయట ఉండే తెలుసుకోగలిగింది బోలెడుంది. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. సరిగ్గా నాలుగేళ్ల రెండు రోజులకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పుడు మొత్తం కర్మాగారానికి అనుకున్న సామర్థ్యం ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు. 2018లో పని మొదలుపెట్టిన ఎనిమిదో ఫర్నేస్ ఒక్కటే రోజుకు 8,030 టన్నుల ద్రవ ఇనుము ఇచ్చేలా కట్టారు. 365తో గుణిస్తే 29 లక్షల పైచిలుకు. ఇనుమూ ఉక్కూ ఒకటి కావు గానీ, అరవై ఏళ్లలో కొలత ఎంత మారిందో ఈ ఒక్క గుణకారంతో తెలిసిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క రైలు పట్టాది. మన రైల్వేలో పాతకాలపు పట్టా పొడవు 13 మీటర్లు. భిలాయ్‌లో ఇప్పుడు 130 మీటర్ల పట్టాను ఒకే ముక్కగా సాగదీస్తారు. రెండిటిని అతికి 260 మీటర్లు చేసి పంపుతారు. అంటే పాత పట్టాకు ఒకసారి పదింతలు, ఇంకోసారి ఇరవై ఇంతలు. మీటరుకు 60 కిలోల రకమైతే 130 మీటర్ల ముక్క బరువు 7.8 టన్నులు. క్రికెట్ పిచ్‌లు ఆరున్నర వరసగా పేర్చితే ఎంతో అంత పొడవు. ఇంత పొడుగెందుకంటే అతుకుల కోసమే. పాత పట్టాలతో కిలోమీటరుకు ఒక్కో వైపు 76 అతుకులు పడేవి, 260 మీటర్లవైతే నాలుగు చాలు. ప్రతి అతుకూ చక్రం గుద్దుకునే చోటు, విరగడానికి అవకాశమున్న చోటు.

వేసవి ఎండకు ఇనుము సాగదా అని ఏ పిల్లాడైనా అడుగుతాడు, అడగాలి కూడా. ఉక్కు డిగ్రీకి మీటరుకు దాదాపు 0.0115 మిల్లీమీటర్లు సాగుతుంది. వేడి 40 డిగ్రీలు పెరిగితే, వదిలేసిన 260 మీటర్ల పట్టా సుమారు 12 సెంటీమీటర్లు పెరుగుతుంది. స్లీపర్లకు బిగించిన క్లిప్పులు దాన్ని కదలనివ్వవు కాబట్టి ఆ ఒత్తిడంతా పట్టాలోనే ఉండిపోతుంది.

ఇది కంటితో చూడాలంటే పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్ చాలు. భిలాయ్ పవర్ హౌస్ స్టేషన్ ముంబై–హౌరా మెయిన్ లైన్ మీదుంది. ప్లాట్‌ఫారం మీదే, అంచుకు దూరంగా నిలబడి అవతలి లైను పట్టా నడుము వైపు చూడమనండి. అక్కడక్కడా ఉబ్బెత్తు అక్షరాలుంటాయి: పట్టా రకం, తయారీదారు గుర్తు, తయారైన నెల, సంవత్సరం. ఫోన్ కెమెరాను దగ్గరకు లాగితే చదవొచ్చు. తమకంటే పెద్ద వయసు పట్టా ఏదో వెతకమంటే అరగంట ఇట్టే గడుస్తుంది.

మైత్రీ బాగ్ 1972లో భారత–సోవియట్ స్నేహానికి గుర్తుగా వెలిసిన తోట, జంతుప్రదర్శనశాల. తెల్లపులులు దీని ప్రత్యేకత. జూలలోని తెల్లపులుల్లో చాలావాటి సంతతి 1951లో రీవా అడవుల్లో దొరికిన మోహన్ అనే పులి నుంచి విస్తరించింది. ఆ తెలుపు అంతర్గత జన్యువు వల్ల వచ్చేది. పసుపుపచ్చ తల్లీతండ్రీ ఇద్దరూ దాన్ని మోస్తున్నా ఒక్కో పిల్లకు తెలుపు వచ్చే అవకాశం నాలుగింట ఒకటే. అందుకే దగ్గరి రక్తసంబంధాల్లోనే జత కడుతూ వచ్చారు, దాని ఫలితంగా పుట్టుకతో లోపాలూ వచ్చాయి. పులి అందాన్ని చూసి ఊరుకోకుండా ఈ సంగతీ పిల్లలకు చెప్పాలి. పదో తరగతిలో మెండెల్ బఠాణీ గింజల దగ్గర నేర్చుకున్నదే ఇది.

మిగిలిన గంటన్నరకు సివిక్ సెంటర్ వైపు వదలండి. పానీపూరీని ఇక్కడ గుప్‌చుప్ అంటారు. ఇష్టమైతే సెక్టార్ 5లోని బాలాజీ గుడికి వెళ్లొచ్చు. కర్మాగారం పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి, ఖుర్సీపార్ వీధుల్లో నడిస్తే తెలుగు చెవిన పడుతుంది.

మైత్రీ బాగ్‌కు సోమవారం సెలవు, ఆ రోజు తప్పించి వెళ్లండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండలో జూ తిరగడం పిల్లలకే కాదు, పెద్దలకూ ప్రమాదమే. అప్పుడు ముందురోజు సాయంత్రానికే చేరి, పొద్దున జూ చూసుకుని, పదకొండుకల్లా రాయ్‌పూర్ దారి పట్టండి.