సెపాంగ్ గాలికి ఇటలీలో పరీక్ష

జార్జ్ టౌన్ నుండి కారులో దక్షిణానికి బయలుదేరిన వారికి మొదట ఎదురయ్యేది పెనాంగ్ వంతెన. 1985లో ప్రారంభమైన ఈ 13.5 కిలోమీటర్ల వంతెన మీద పిల్లలు చేసే ఒక అల్లరి పని ఉన్నది. కిటికీ అద్దం దించి అరచేతిని బయటకు చాపుతారు. చేతిని నేలకు సమాంతరంగా పట్టుకొంటే గాలి రెండు ప్రక్కలా జారిపోతుంది. ముందంచును రవ్వంత పైకెత్తితే చేయి తనంతట తానే పైకి లేస్తుంది. కిందికి వంచితే ఎవరో పట్టి లాగినట్లు కిందికి దిగుతుంది. పెద్దలు కోప్పడి అద్దం ఎక్కిస్తారు, కోప్పడవలసినదే కూడా. అయితే ఆ కొద్ది క్షణాలలో పిల్లవాడు చేసినది వాయుగతిశాస్త్రంలో ప్రథమ ప్రయోగం. ఫార్ములా వన్ పందెపు కారుకు ముందూ వెనుకా అమర్చిన రెక్కలు, కిందికి వంచిన ఆ అరచేతి వంటివే.

2010 ఏప్రిల్ మొదటి వారంలో ఈ వంతెన దాటి, దాదాపు 400 కిలోమీటర్ల దూరంలోని సెపాంగ్ పందెపు బాటకు వెళ్ళిన వారికి ఒక ప్రత్యేక కారణం ఉండెను. 1999 అక్టోబరు నుండి అక్కడ మలేషియా గ్రాండ్ ప్రీ జరుగుతూనే ఉన్నది. పెట్రోనాస్ పేరు విదేశీ కార్ల మీద కనబడుతూనే ఉన్నది. కాని మలేషియా జెండా క్రింద నమోదైన జట్టు సొంత గడ్డ మీద పందెంలో నిలవడం అదే మొదలు. ఎయిర్ ఏషియా అధిపతి టోనీ ఫెర్నాండెజ్ నాయకత్వంలో, 1 మలేషియా రేసింగ్ టీమ్ అనే సంస్థ లోటస్ పేరుతో ఆ జట్టును నడిపింది. అదే బాట మీద భారతీయ జట్టు కూడా ఉన్నది. విజయ్ మాల్యా ఫోర్స్ ఇండియా అప్పటికి మూడవ సంవత్సరంలో ఉన్నది. తాతముత్తాతలు ఓడ దిగిన రేవు పెనాంగ్ అయిన తెలుగు కుటుంబానికి, ఆనాడు సెపాంగ్‌లో ఏది సొంత జట్టు అన్న ప్రశ్న సరదాగానే తోచి ఉండవచ్చును. ఆ రెండు జట్ల మధ్య అప్పటికే పెద్ద తగాదా నడుస్తున్నది. ఆ తగాదా గాలి గురించినది.

మలేషియా జట్టుకు ప్రవేశం లభించినది 2009 సెప్టెంబరు మధ్యలో. మొదటి పందెం 2010 మార్చి 14న బహ్రెయిన్‌లో, సొంత గడ్డ పందెం ఏప్రిల్ 4న. అంటే సరిగ్గా ఆరు నెలల్లో కారు పుట్టాలి, మరి మూడు వారాలకు స్వదేశీయుల ముందు నిలవాలి. అనుభవమున్న జట్లు ఏడాది పొడవునా వందల మందితో చేసే పనిని, ఇంగ్లండులోని నార్ఫోక్‌లో అప్పుడప్పుడే మనుషులను చేర్చుకొంటున్న ఒక కర్మాగారం చేయవలసి వచ్చింది. సాంకేతిక సారథి మైక్ గాస్కోయిన్ కేంబ్రిడ్జిలో ద్రవగతిశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు. అంతకు మునుపు ఫోర్స్ ఇండియాలో పనిచేసి 2008 నవంబరులో వెళ్ళిపోయినవాడు. గాలి పరీక్షల బాధ్యతను ఆయన ఇటలీలోని ఏరోలాబ్, ఫాండ్‌టెక్ అనే జంట సంస్థలకు అప్పగించాడు. వాటి అధిపతి జాన్ క్లోడ్ మిజో. ఆ ఏరోలాబే 2009 వేసవి వరకు ఫోర్స్ ఇండియాకు గాలి పరీక్షలు చేసి, రావలసిన సొమ్ము రాక పని నిలిపివేసిన సంస్థ. కథకు మూలం ఇక్కడ ఉన్నది.

గాలి సొరంగమంటే పేరుకు తగినట్లు ఒక పెద్ద గొట్టం, ఒక చివర పంకా. రోడ్డు మీద గాలీ నేలా కదలవు, కారు కదులుతుంది. సొరంగంలో కారు నిలిచి ఉంటుంది, కనుక గాలిని కదిలించాలి. నేలను కూడా కదిలించాలి. ఈ రెండవ మాటను చాలామంది గుర్తించరు. పందెపు కారు అడుగుభాగం నేలకు కొద్ది సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఆ సందులో వేగంగా దూరే గాలి పీడనం తగ్గి, కారును నేలకు అదుముతుంది. నేల స్థిరంగా ఉంటే దానిని అంటిపెట్టుకొని మందగించిన గాలి పొర ఒకటి ఏర్పడి ఆ సందును పాడుచేస్తుంది. అందుకే నమూనా కింద వెడల్పైన పట్టా ఒకటి గాలితో సమానమైన వేగంతో పరుగెత్తుతూ ఉంటుంది. పైనుండి దిగిన ఒక కడ్డీ నమూనాను పట్టుకొని ఉంటుంది. కడ్డీ చివర ఉన్న త్రాసు ఈడ్పు ఎంత, అదుము ఎంత, ప్రక్కకు నెట్టే బలమెంత అని గ్రాముల లెక్కన చెబుతుంది.

నమూనా అసలు కారు కంటె చిన్నది. లోటస్ పరీక్షలకు వాడినది సగం కొలతది. సగం కొలత నమూనా సగం నిజమే చెబుతుందా అంటే, కొంతవరకు అంతే. ప్రవాహ స్వభావాన్ని నిర్ణయించే రెనాల్డ్స్ సంఖ్యలో సాంద్రత, వేగం, పొడవు పైనా, స్నిగ్ధత కిందా ఉంటాయి. పొడవు సగమైతే వేగం రెట్టింపు కావాలి. కాని నియమాల ప్రకారం సొరంగంలో గాలి వేగం సెకనుకు 50 మీటర్లు మించరాదు. ఆ గాలిలో నిలిచిన సగం నమూనా, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే నిండు కారుతో సమానం. సెపాంగ్ తిన్నని బాటలో 300 దాటే కారును గురించి 90 దగ్గర నుండి ఊహించాలన్నమాట. ఈ ఊహకు ఆధారం పాత కొలతల భాండారమే. ఏ మార్పు సొరంగంలో ఎంత చూపింది, రోడ్డు మీద ఎంత ఇచ్చింది అన్న జంట లెక్కలు సంవత్సరాల తరబడి పోగుచేసిన జట్టుకు సొరంగం నిజం చెబుతుంది. కొత్త జట్టుకు అది అంకెలు మాత్రమే చెబుతుంది. రసాయన ప్రయోగశాలలో విఫలమైన చర్యల నోటుపుస్తకం ఎంత విలువైనదో, ఇక్కడ పనికిరాని రెక్కల జాబితా అంత విలువైనది. దానిని ఆరు నెలల్లో ఎవరూ కొనలేరు.

అదే సంవత్సరం ప్రవేశించిన మరొక కొత్త జట్టు వర్జిన్ సొరంగాన్నే వద్దనుకొన్నది. దాని ఇంజనీరు నిక్ విర్త్ మొత్తం కారును కంప్యూటరు మీదనే రూపొందించాడు. కారు చుట్టూ ఉన్న శూన్యాన్ని కోట్ల చిన్న గడులుగా విభజించి, గడి గడికీ నేవియర్-స్టోక్స్ సమీకరణాలను సుమారుగా సాధించే పద్ధతి ఇది. జార్జ్ టౌన్ వారికి ఈ పద్ధతి మరీ పరాయిది కాదు. 1972లో ఇంటెల్, ఏ.ఎం.డి. కంపెనీలు బయాన్ లెపాస్‌లో కర్మాగారాలు నెలకొల్పినప్పటి నుండి, లెక్కలు చేసే చిప్పుల కూర్పూ పరీక్షా ఈ ద్వీపంలో ఎందరికో జీవనాధారం. అయినా సుడులు తిరిగే గాలిని లెక్కలో పూర్తిగా బంధించడం నేటికీ సాధ్యం కాలేదు. చిన్న సుడుల ప్రభావాన్ని సుమారు సూత్రాలతో సర్దుకొనవలసినదే. 2011లో వర్జిన్ జట్టు కూడా విర్త్‌తో తెగతెంపులు చేసుకొని, మెక్‌లారెన్ వారి సొరంగం వాడుకొనేందుకు ఒప్పందం కుదుర్చుకొన్నది.

ఇక తగాదా. లోటస్ నమూనా సొరంగంలో నిలిచి ఉన్న ఛాయాచిత్రాలు 2009లోనే లోకానికి వెల్లడయ్యాయి. వాటిని చూచిన ఫోర్స్ ఇండియా ఇంజనీర్లకు ఆ రెక్కలూ ఆ వంపులూ తమవిగా తోచాయి. తమ నమూనా గీతలను ఏరోలాబ్ కొత్త యజమానికి అందించిందని ఆ జట్టు లండను హైకోర్టులో దావా వేసింది. సెపాంగ్ పందెం నాటికి ఆ దావా సంగతి తేలలేదు.

సొరంగంలో ఎంత శ్రమించినా సెపాంగ్ గాలి వేరు. తేమ గాలి బరువైనదని సామాన్యంగా అందరమూ అనుకొంటాము, ఒళ్ళు జిడ్డుగా ఉండి ఊపిరి బరువనిపించడమే అందుకు కారణం. వాస్తవం తలక్రిందులు. పొడి గాలి సగటు అణుభారం 29, నీటి ఆవిరిది 18. ఒకే పీడనం, ఒకే ఉష్ణోగ్రత వద్ద ఒక ఘనపరిమాణంలో ఇమిడే అణువుల సంఖ్య మారదు కనుక, ఆవిరి చేరిన కొలదీ బరువైన అణువుల చోటును తేలికైనవి ఆక్రమిస్తాయి. 15 డిగ్రీల పొడి గాలి ఘనమీటరు 1.225 కిలోలు తూగితే, సెపాంగ్‌లో సామాన్యమైన 33 డిగ్రీల వేడిలో, 70 శాతం తేమలో అది 1.14 కిలోలకు దిగుతుంది. ఇందులో సింహభాగం వేడిది, తేమ వాటా ఒక శాతం పైచిలుకు. రెక్క ఇచ్చే బలం సాంద్రతను బట్టి ఉంటుంది కనుక అదుము ఏడు శాతం తగ్గినట్లే. ఈడ్పూ అంతే తగ్గుతుంది, అది లాభం. ఇంజనుకు అందే ప్రాణవాయువూ తగ్గుతుంది, అది నష్టం. రెక్కను మరి కొంచెం నిలబెట్టి పోయిన అదుమును రాబట్టుకొనవచ్చును గాని, రెండు పొడవైన తిన్నని బాటలున్న సెపాంగ్‌లో దానికి మూల్యం చెల్లించాలి.

పందెపు వారంలో మిగిలేది శుక్రవారపు సాధన. 2009 నుండి పందెపు కాలంలో ప్రత్యేక పరీక్షలు నిషేధించడంతో ఆ కొద్ది గంటలే జట్లకు నిండు కొలత ప్రయోగశాల అయ్యాయి. అక్కడ వాడే పనిముట్లలో అన్నిటికంటె సాదాది ఒక రంగు. పలుచని నూనెలో మెరిసే పొడిని కలిపి రెక్క మీద కుంచెతో పూసి కారును బయటకు పంపుతారు. గాలి నూనెను తన దారిన ఈడ్చుకొని పోతుంది, పలుచని భాగం ఎగిరిపోయి పొడి చారలుగా మిగులుతుంది. చారలు తిన్నగా ఉంటే గాలి రెక్కను అంటిపెట్టుకొని పోయినట్లు, ముద్దగా గుమిగూడితే అక్కడ విడిపోయినట్లు. నూనె చిక్కదనం కుదరాలి. మరీ పలుచనైతే కారు కదిలేలోపే కారిపోతుంది, మరీ చిక్కనైతే గాలి మాట వినదు. జార్జ్ టౌన్ ఎండలో ఇంట్లోని కొబ్బరి నూనె ఎలా ప్రవహిస్తుందో, అది చలి దేశంలో ఎలా పేరుకొంటుందో ఎరిగిన గృహిణికి ఈ చిక్కు తేలికగా అర్థమవుతుంది. కోట్ల ఖర్చుతో చేసిన లెక్క తప్పో ఒప్పో చివరకు తేల్చేది ఈ మరకలే.

శనివారం వాన కురిసింది. తొలి విడతలో రెండు ఫెరారీలూ, హామిల్టన్ మెక్‌లారెనూ వెనుకబడిపోగా, మలేషియా జట్టు డ్రైవరు హెయికి కోవలైనెన్ రెండవ విడతకు చేరి 15వ స్థానం సంపాదించాడు. వాన నీటిలో వేగాలు తగ్గుతాయి. బలం వేగపు వర్గాన్ని బట్టి ఉండుట వలన మంచి రెక్కకూ మామూలు రెక్కకూ మధ్య వ్యత్యాసం కుంచించుకొనిపోతుంది. అయినా పెద్ద జట్లను దెబ్బ తీసినది ప్రధానంగా వాన వచ్చే వేళను తప్పుగా అంచనా వేయడమే. గ్యాలరీలో చప్పట్లు కొట్టిన వారికి ఆ వివరాలతో పని లేదు, ఉండనక్కరలేదు కూడా.

ఆదివారం ఎండ కాసింది. సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. ఫోర్స్ ఇండియాకు చెందిన ఏడ్రియన్ సూటిల్ ఐదవ స్థానంలో వచ్చాడు. సొరంగం ఎరుగని వర్జిన్ కారులో లూకాస్ డి గ్రాసీ 14వ స్థానం, హిస్పానియా జట్టులో చెన్నై యువకుడు కరుణ్ చంధోక్ 15వ స్థానం. మలేషియా జట్టులో యార్నో ట్రూలీ 17వ స్థానంలో, అందరికంటె చివర లెక్కకు వచ్చాడు. కోవలైనెన్ లెక్కకు కావలసిన దూరం పూర్తిచేయలేకపోయాడు. గాలి కంటె యంత్రపు నమ్మకమే ఆనాడు ఆ జట్టును ముంచింది. సంవత్సరాంతానికి మాత్రం కొత్తగా వచ్చిన మూడు జట్లలోనూ లోటస్‌దే పైచేయి, పదవ స్థానం. వర్జిన్ పన్నెండవదిగా మిగిలింది.

లండను న్యాయమూర్తి ఆర్నాల్డ్ 2012 మార్చిలో తీర్పు చెప్పాడు. ఫోర్స్ ఇండియా కారును పథకం ప్రకారం నకలు చేశారన్న పెద్ద ఆరోపణ నిలువలేదు. తొందరలో ఉన్న ఏరోలాబ్ పనివారు పాత కంప్యూటరు గీతలను కొన్నిటిని దగ్గరదారిగా వాడుకొన్న మాట మాత్రం నిజమని తేలింది. అందుకు పరిహారం 25,000 యూరోలు. ఏరోలాబ్‌కు ఫోర్స్ ఇండియా చెల్లించవలసిన పాత బాకీ 8,46,230 యూరోలని కూడా అదే తీర్పు నిర్ణయించింది. ఫోర్స్ ఇండియా పైకోర్టుకు వెళ్ళినా ఆ పరిహారం పెరగలేదు. భాగాల గీతలకు న్యాయస్థానం కట్టిన వెల అది. ఆ గీతలు ఎందుకు అలా వచ్చాయో, వాటికి ముందు ఎన్ని పనికిరాకుండా పోయాయో తెలిసిన మనిషి తలలోని జ్ఞానానికి మాత్రం ఏ కోర్టూ తాళం వేయలేదు. వేయకపోవడమే న్యాయం. లేకుంటే యజమానిని మార్చిన ఇంజనీరు ఎవరూ మళ్ళీ పని చేయలేరు.

2021 నుండి సొరంగపు సమయాన్ని పట్టికలోని స్థానాన్ని బట్టి పంచుతున్నారు. ముందున్న జట్టుకు తక్కువ, వెనుకనున్న జట్టుకు ఎక్కువ. 2022 లెక్క ప్రకారం మొదటి జట్టుకు నూటికి 70 పాళ్ళయితే, పదవ జట్టుకు 115. పదవ స్థానపు జట్టుకు ఆ వరం చేరేనాటికి ఈ కథలోని పదవ జట్టు లేదు. కేటరామ్ అని పేరు మార్చుకొని, ఐదు సంవత్సరాలలో ఒక్క పాయింటూ లేకుండా 2014లో మూతపడింది. ఫోర్స్ ఇండియా 2018లో దివాలా తీసి చేతులు మారింది. సెపాంగ్‌లో చివరి ఫార్ములా వన్ పందెం 2017 అక్టోబరు 1న జరిగింది.