లారీ ఊపిరిలో వాననీరు

పెద్ద లారీలలో క్యాబు వెనుక ఒక ప్రక్కగా, కప్పు ఎత్తువరకు నిలువుగా లేచియుండు గొట్టమును మనమందరము చూచియే యుందుము. దానిని పొగగొట్టమని పలువురు భ్రమపడుదురు. అది పొగ విడుచునది కాదు. ఇంజను గాలి పీల్చుకొను ముక్కు. ఆ ముక్కులోనికి వాననీరు పోకుండ కాపాడుకొనుట ఎట్లో ఈ ప్రసంగమున మేము వివరింపదలచినాము. వినుటకు చిన్న సంగతివలెనే తోచును. కాని అప్పు చేసి ఒక్క లారీని కొని దానిపై బ్రతుకు కుటుంబమునకు, ఒక్క వానలో ఇంజను చెడినచో నెలల తరబడి జీవనాధారము పోవును.

ముందుగా గాలి సంగతి చూతము. ఒక లీటరు డీజిలు పూర్తిగా కాలుటకు సుమారు 10 వేల లీటర్ల గాలి కావలెను. 6 లీటర్ల పరిమాణముగల ఇంజను నిమిషమునకు 2 వేల చుట్లు తిరుగునపుడు, టర్బో లేకున్నను, నిమిషమునకు 5 వేల లీటర్లకు పైగా గాలిని లోనికి లాగుకొనును. ఇంత గాలిని చక్రముల చెంతనుండి తీసికొన్నచో దానితోపాటు దుమ్మును లోపలికి పోవును. సింగరేణి బొగ్గుగనుల బాటలలోను, తాండూరు నాపరాతి గనులవద్దను తిరుగు లారీలను చూచినవారికి ఆ దుమ్ము ఎట్టిదో చెప్పనక్కరలేదు. అందుచేతనే ముక్కును ఎత్తున అమర్చినారు. అయితే దుమ్మునుండి తప్పించుకొనుటకు పైకెత్తిన ముక్కు వానకు ఎదురుపడినది. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

నీరు లోనికి పోయినచో ఏమగును? గాలిని నొక్కినచో అణగును, నీరు అణగదు. మనము చెప్పుకొన్న ఇంజనులో ఆరు సిలిండర్లు ఉన్నవనుకొందము. ఒక్కొక్క దాని పరిమాణము ఒక లీటరు. డీజిలు ఇంజను తాను పీల్చిన గాలిని సుమారు 17వ వంతుకు కుదించును. కావున పిస్టను పైకొసకు చేరునప్పటికి మిగులు చోటు 60 మిల్లీలీటర్లకు కొంచెము పైన మాత్రమే. అనగా ఒక చిన్న టీగ్లాసెడు నీరు ఒక్క సిలిండరులో చేరినను, పిస్టను పైకి పోజాలదు. వేగముగా తిరుగుచున్న ఇంజను ఆ అడ్డు తగిలినపుడు కనెక్టింగు రాడ్డును వంచివేయును. కొన్ని వేళల ఆ రాడ్డు విరిగి ఇంజను గోడను పగులగొట్టును.

అంత నీరు చేరకున్నను నష్టము తప్పదు. తడిసిన కాగితపు ఫిల్టరు ఉబ్బి గాలికి అడ్డుపడును. బండికి లాగు శక్తి తగ్గును, పొగ నల్లబడును. మెత్తబడిన కాగితము చినిగెనా, అటుపై దుమ్ము తిన్నగా సిలిండర్లలోనికే పోవును.

దీనికి ఉపాయమేమి? మూత పెట్టుట ఒక్కటియే చాలదు. గాలికి దారి ఉన్నచోట నీటి తుంపరకును దారి ఉండును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు లారీ సెకనుకు 16 మీటర్లకు పైగా ముందుకు సాగును. పెద్ద వానచినుకు సెకనుకు 8, 9 మీటర్ల వేగముతో క్రిందికి పడును. కావున పోవుచున్న లారీకి వాన పైనుండి కాక ఎదురుగా వచ్చి కొట్టినట్లగును. అందువలన గొట్టపు మూతిని ముందునకు త్రిప్పరాదు. వెనుకకో ప్రక్కకో త్రిప్పియుంచవలెను. మూతి విశాలముగా ఉన్నచో గాలి నెమ్మదిగా లోనికి పోవును. నెమ్మదియైన గాలి చినుకులను అంతగా ఈడ్చుకొనిపోదు.

అటుపిమ్మట మలుపు. నీరు గాలికంటె ఎనిమిది వందల రెట్లకు పైగా బరువైనది. గాలి చటుక్కున మలుపు తిరిగినపుడు నీటిబొట్టు తిరుగలేక గోడకు కొట్టుకొని క్రిందికి జారును. ఆ జారిన నీరు ఎక్కడికి పోవలెను? గొట్టమునకు అడుగున, మిక్కిలి పల్లమైన చోట, చిన్న రంధ్రమో రబ్బరు మూతియో అమర్చియుందురు. ఇంజను పీల్చునపుడు ఆ రబ్బరు పెదవులు మూసికొనును. ఇంజను ఆగినపుడు తెరచుకొని నీటిని వదలును. చెరువునకు అలుగు ఎట్టిదో గాలిగొట్టమునకు ఈ రంధ్రము అట్టిది. అలుగు పూడిన చెరువునకు కట్ట తెగును. ఆ రంధ్రమునుండియే నీరు లోనికి వచ్చునని తలచి బంకతో మూసివేయువారు కలరు. అట్లు చేయుట కీడును కొనితెచ్చుకొనుటయే.

కావున జూనులో నైరుతి ఋతుపవనములు రాకమునుపే ఈ పనులు చేసికొనవలెను. అడుగు రంధ్రములోని బురదను తీసివేయవలెను. రబ్బరు మూతిని వ్రేళ్ళతో నొక్కి చూచి, చినిగియున్నచో మార్చవలెను. క్యాబును ముందుకు వంచు లారీలలో గొట్టపు అతుకువద్దనుండు రబ్బరు భాగము పగిలినదేమో పరీక్షింపవలెను. పగులు ఉన్నచో చక్రములు చిమ్ము నీరు అచ్చటినుండి లోనికి పోవును. లారీని కడుగునపుడు నీటిధారను గొట్టపు మూతికి గురిపెట్టరాదు. నిలిపిన లారీకి మూతిపై సంచి కట్టినచో, స్టార్టు చేయుటకు ముందు దానిని తప్పక విప్పవలెను.

నీరు పోయినదని అనుమానము కలిగినచో స్టార్టరు నొక్కరాదు. బండిని తోయించియో లాగించియో స్టార్టు చేయ యత్నింపరాదు. మేస్త్రీచేత ఇంజెక్టర్లను విప్పించి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పించి, నీటిని వెడలింపవలెను. ఇంజను నూనె పాలవలె తెల్లబడినచో దానిని మార్పింపవలెను. ఈ జాగ్రత్తకు ఒక దినము పట్టవచ్చును. తొందరపాటునకు ఇంజనే బలియగును.

చివరగా ఒక హెచ్చరిక. ముక్కు ఎత్తున ఉన్నదను ధైర్యముతో పొంగుచున్న వాగులోనికి లారీని దింపరాదు. ప్రవాహము ఇంజను ఊపిరినే కాక బండినంతటిని ప్రక్కకు త్రోసివేయగలదు. ఎత్తైన గొట్టము వానలో ఊపిరి పీల్చుకొనుటకే గాని, వరద దాటుటకు కాదు. వాగు తీయువరకు గట్టున నిలుచుటయే ప్రాణమునకును బండికిని క్షేమము.