నెయ్యి గరిటె పడేదాకా అంతా వీగనే

98.7. తెలంగాణలో 15 ఏళ్లు దాటిన ప్రతి వంద మందిలో మాంసాహారులు ఎంతమందో 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ బేస్‌లైన్ సర్వే లెక్క తీస్తే తేలిన అంకె ఇది. దేశంలో ఇదే మొదటి స్థానం. ఆంధ్రప్రదేశ్ కూడా 98.25తో దగ్గర్లోనే ఉంది. అలాంటి తెలంగాణలో మాంసం, చేప, గుడ్డు మాత్రమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టని వీగన్ మనిషి చైత్రమాసంలో హైదరాబాద్ అమీర్‌పేటలో కారెక్కి భద్రాచలం దాకా వెళ్లొస్తానంటే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది ఒక్కటే: ‘మరి తినేదేంటి?’

భయపడాల్సింది ఆ 98.7ని చూసి కాదు. మాంసం ఎక్కడుందో బోర్డు మీదే తెలుస్తుంది, పక్కకు తప్పుకోవచ్చు. వీగన్‌ను ఇరుకున పెట్టే అంకె వేరే ఉంది: 471. మన దేశంలో 2023-24లో తలసరి రోజుకు అందుబాటులో ఉన్న పాలు 471 గ్రాములని కేంద్ర పశుసంవర్ధక శాఖ లెక్క. ఆ ఏడాది దేశం మొత్తం మీద పాల ఉత్పత్తి 23.9 కోట్ల టన్నులు. ఇన్ని పాలు టీలోకి మాత్రమే పోవు. దోసె మీద బటర్‌గా, పప్పులో నెయ్యిగా, బజ్జీ పిండిలో పెరుగుగా, బిస్కెట్‌లో పాలపొడిగా కనపడకుండా చేరతాయి.

ముందు అమీర్‌పేట సంగతి చూద్దాం. ఎర్ర లైనూ నీలం లైనూ కలిసే మెట్రో స్టేషన్ కింద, మైత్రీవనం చుట్టూ, ఎస్.ఆర్. నగర్ సందుల్లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, వాటిని ఆనుకుని టిఫిన్ సెంటర్లు, మెస్సులు. ఇక్కడి టిఫిన్ బండి మీద మామూలుగా దొరికే 12 రకాలు తీసుకుందాం. ఇడ్లీ, వడ, సాదా దోసె, ఉల్లి దోసె, పెసరట్టు, పూరీ, దోసె పిండితో వేసిన పునుగులు: ఈ 7 నూనెతో చేస్తే పుట్టుకతోనే వీగన్. ఉప్మా, రవ్వ దోసె: ఈ 2 అనుమానం, ఎందుకంటే ఉప్మా తాలింపులో నెయ్యి, రవ్వ దోసె పిండిలో మజ్జిగ పడే అలవాటుంది. పొంగలి, పెరుగు వడ, మైసూర్ బజ్జీ: ఈ 3 కుదరవు. మైసూర్ బజ్జీ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గాని, ఆ మెత్తదనం మైదాలో కలిపిన పెరుగుదే.

అంటే 12లో 7. శాకాహారులే తక్కువగా ఉన్న నేల మీద ఇది చిన్న అంకె కాదు. అల్లం చట్నీ, పల్లీ చట్నీ, సాంబారు మామూలుగా భయం లేనివే. కొబ్బరి చట్నీలో మాత్రం కొన్నిచోట్ల పెరుగు కలుపుతారు, అడిగి వేయించుకోవాలి. ఇడ్లీ మీద వెన్న పెట్టే అలవాటుకు విజయవాడ బాబాయ్ హోటల్ పేరుపడింది. కారం పొడి అడిగినా ‘నెయ్యి వెయ్యాలా?’ అనే ప్రశ్న కూడా లేకుండా గరిటె దిగుతుంది. ఆ ఆఖరి గరిటె పడేదాకా పళ్లెంలో ఉన్నది వీగన్ తిండే. కాబట్టి తినడానికి ముందు కాదు, ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి: ‘నూనెతో కాల్చండి, బటరూ నెయ్యీ వద్దు.’ నెయ్యి వద్దంటే వడ్డించే ఆయనకు కోపం రాదు, జాలి వస్తుంది. ఆ జాలిని మర్యాదగా స్వీకరించడం వీగన్ ప్రయాణికుడికి అవసరమైన మొదటి నైపుణ్యం.

బయల్దేరే ముందు అమీర్‌పేట ఇచ్చే అసలు వరం కర్రీ పాయింట్. గదిలో అన్నం వండుకుని కూరలు బయట కొనుక్కునే హాస్టల్ జీవితం నడిచేది వీటి మీదే. దొండకాయ వేపుడు, గోంగూర పప్పు, టమాటా పచ్చడి, పులుసు కవర్లలో కట్టిస్తారు. దాదాపు అన్నీ నూనె తాలింపే, ఎందుకంటే రోజుకు అన్ని కిలోల కూర నెయ్యితో చేస్తే ఆ ధరకు అమ్మలేరు. చవకదనం ఇక్కడ వీగన్‌కు కలిసొస్తుంది. ఎండాకాలం మొదలైపోయి ఉంటుంది కాబట్టి కూరలు మధ్యాహ్నం లోపు తినేయాలి. చింతపండు పులిహోర అయితే సాయంత్రం దాకా ఆగుతుంది. సకినాలు ఇంకా మంచివి: బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె, వారాలు ఉంటాయి. సర్వపిండి కూడా అంతే, బియ్యప్పిండిలో పల్లీలు, శనగపప్పు, నువ్వులు; తెలంగాణ వంటింట్లో ఎవరూ వీగన్ అనుకుని చేయని వీగన్ వంట.

ప్యాకెట్ తిండి కొనేవాళ్లు ఆకుపచ్చ చుక్కను నమ్ముకుంటే మోసపోతారు. మన ఆహార నిబంధనల్లో మాంసాహారం కిందికి రాకుండా మినహాయించిన వాటిలో పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్క ఉన్నాయి. అంటే ఇవన్నీ ఉన్నా ఆకుపచ్చ చుక్క పెట్టుకోవచ్చు. గ్లూకోజ్ బిస్కెట్లలో చాలావాటి పదార్థాల పట్టికలో ‘మిల్క్ సాలిడ్స్’ ఉంటుంది. 901 అంటే తేనెమైనం, 904 అంటే లక్క. వీగన్ తిండికి విడిగా ఆకు మొలిచిన ‘వీ’ అక్షరం గుర్తు ఉంది, దాని వెనక ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022 నిబంధనలున్నాయి. ఆ గుర్తు పంజాగుట్ట సూపర్‌మార్కెట్‌లో సోయా పాలు, బాదం పాలు, ఓట్స్ పాల డబ్బాల మీద దొరుకుతుంది. హైవే పక్క కిరాణా కొట్టులో దొరుకుతుందని మాత్రం అనుకోవద్దు.

ఇక దారి. అమీర్‌పేట నుంచి విజయవాడ హైవే మీద సూర్యాపేటకు సుమారు 135 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఖమ్మం 60, కొత్తగూడెం 80, భద్రాచలం 40. మొత్తం 315 దాకా. ఊరు దాటుతుండగా బాటసింగారం వస్తుంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో ఇక్కడికి తరలించారు. చైత్రం నడుస్తుంటే మామిడి రాక మొదలై ఉంటుంది, పుచ్చకాయలు కుప్పలుగా ఉంటాయి. నల్గొండ జిల్లాలోకి వచ్చాక తాటిచెట్లు మొదలవుతాయి. ఏప్రిల్ ముదిరితే రోడ్డు పక్కన ముంజలు కొట్టిస్తారు. కొబ్బరిబొండాం, చెరుకురసం సరేసరి. ఈ దారిలో వీగన్ అల్పాహారానికి ఏ యాప్ అక్కర్లేదు, కళ్లు చాలు. చౌటుప్పల్ నుంచి పక్కకు తిరిగితే భూదాన్ పోచంపల్లి. పట్టు కూడా వద్దనుకునే వీగన్‌కు అక్కడ నూలు ఇక్కత్ దొరుకుతుంది.

సూర్యాపేట చుట్టుపక్కల హోటళ్లే ఈ ప్రయాణంలో గట్టి పరీక్ష. బస్సులన్నీ ఆగేది ఇక్కడే, మెనూ సగం ఉత్తరాది ధాబాది. పనీర్ బటర్ మసాలా, దాల్ మఖనీ, నాన్, లస్సీ ఎలాగూ పోతాయి. హైదరాబాద్ వాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది వెజ్ బిర్యానీ: మసాలాలో పెరుగు, పైన నెయ్యి లేకుండా అది తయారు కావడం అరుదు. తందూరీ రోటీ బటర్ లేకుండా తీసుకోవచ్చు. బగారా బైంగన్ ఉంటే అదృష్టం, ఎందుకంటే దాని గ్రేవీ పల్లీ, నువ్వులు, కొబ్బరి, చింతపండు. అయితే నా సలహా ధాబా మెనూ వదిలి ఆంధ్రా భోజనం అడగమని. అన్నం, పప్పు, కూర, వేపుడు, పచ్చడి, సాంబారు, రసం, అప్పడం, పెరుగు, స్వీటు: పదింటిలో పెరుగు, స్వీటు తీసేస్తే 8 మిగులుతాయి. ఆ 8లోనూ పప్పు తాలింపు నెయ్యా నూనెనా అన్నది ఒక్కటే అడగాల్సిన ప్రశ్న. స్వీటు లేదని బాధ పడితే పైన చెప్పిన మామిడి, పుచ్చకాయ ఉన్నాయి. టీ దగ్గర లెమన్ టీ అడగాలి. ఇరానీ చాయ్ గురించి ఆలోచించకపోవడమే మనశ్శాంతి.

ప్రయాణంలో ప్రోటీన్ చాలుతుందా అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 65 కిలోల మగవాళ్లకు రోజుకు 54 గ్రాములు, 55 కిలోల ఆడవాళ్లకు 46 గ్రాములు కావాలి. 100 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో సుమారు 22 గ్రాములు. 50 గ్రాముల కందిపప్పు ముద్దపప్పుగా తింటే 11. 50 గ్రాముల వేయించిన పల్లీలు నములుతూ పోతే 12. రెండు పూటల్లో 200 గ్రాముల బియ్యం అన్నంగా లోపలికి పోతే 16. మొత్తం 61. పొద్దున అమీర్‌పేటలో పెసరట్టు, మధ్యాహ్నం సూర్యాపేటలో భోజనం, దారిలో పల్లీలు, రాత్రి మళ్లీ అన్నం: అంతే.

క్యాల్షియం విషయంలో పాలే దిక్కు అనుకోవడం అలవాటు. 100 గ్రాముల గేదె పాలలో సుమారు 121 మిల్లీగ్రాములు ఉంటే రాగుల్లో 364, నువ్వుల్లో 1,200కు పైనే. గింజల్లోని ఆక్సలేట్ల వల్ల ఇందులో శరీరానికి చేరేది కొంతే, కాబట్టి అంకె చూసి పొంగిపోనక్కర్లేదు. అయినా సకినాల్లోని నువ్వులను చిరుతిండిగా తీసిపారేయలేం. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో ఉంటున్న ఖాదర్ వలీ (2023 పద్మశ్రీ) సిరిధాన్యాలతో పాటు నువ్వుల పాలు, కొబ్బరి పాలు వాడమని ప్రచారం చేశాక పాలు మానడం తెలుగు ఇళ్లలో వింత కాకుండా పోయింది. ఆయన వైద్య వాదనలన్నీ నేను ఒప్పుకోను గాని, ఈ ఒక్క విషయంలో దారి సుగమం చేశారు. బీ12 మాత్రం మొక్కల్లో నమ్మదగినంత దొరకదు. రోజుకు కావాల్సింది 2 మైక్రోగ్రాముల పైచిలుకే అయినా ఏళ్ల తరబడి వీగన్‌గా ఉండేవాళ్లు డాక్టరును అడిగి మాత్ర వేసుకోవాల్సిందే. నాలుగు రోజుల ప్రయాణానికి ఆ బెంగ అక్కర్లేదు.

భద్రాచలం చేరాక తిండి సంగతి చిత్రంగా తేలికవుతుంది, అదీ శ్రీరామనవమి రోజుల్లో అయితే మరీ. పానకం అంటే బెల్లం, మిరియాలు, యాలకులు, నీళ్లు. వడపప్పు అంటే నానబెట్టిన పెసరపప్పు, అందులో కొబ్బరి, మామిడి ముక్కలు. రెండూ నూటికి నూరు వీగన్. కొద్దిరోజుల ముందు ఉగాది పచ్చడీ అంతే: వేపపువ్వు, బెల్లం, చింతపండు, మామిడి, కారం, ఉప్పు. తెలుగువాళ్ల ఈ రెండు వసంత పండగల ముఖ్య ప్రసాదాల్లోనూ పాలచుక్క ఉండదు. పందిళ్లలో పంచే మజ్జిగను మాత్రం దాటేయాలి, లడ్డూ ప్రసాదంలో నెయ్యి ఉంటుంది కాబట్టి కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇవ్వచ్చు. కొత్తగూడెం దాటాక అడవిలో ఇప్పచెట్లు పూలు రాల్చే కాలం ఇదే. తెల్లవారుజామునే కోయ కుటుంబాలు చెట్ల కింద ఏరుకుంటూ కనిపిస్తాయి. ఎండబెట్టిన ఇప్పపువ్వు వాళ్ల ఆహారం, ఆదాయం కూడా. కారాపి ఫొటోలు తీసి వాళ్ల పని చెడగొట్టకండి.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన లెక్క. వీగన్‌గా మారేవాళ్లలో చాలామంది చెప్పే కారణం వాతావరణం. 2018లో ‘సైన్స్’ పత్రికలో పూర్, నెమెచెక్ 119 దేశాల్లోని సుమారు 38,700 వ్యవసాయ క్షేత్రాల సమాచారంతో వేసిన లెక్క ప్రకారం లీటరు ఆవుపాలకు ప్రపంచ సగటున 3.2 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు విడుదలవుతాయి. సోయా పాలకు అది 1 కిలోకు దగ్గర్లో. 100 మిల్లీలీటర్ల పాలు పోసిన ఒక టీ మానేస్తే 0.32 కిలోలు మిగిలినట్టు. మరి కారు? రానూపోనూ 630 కిలోమీటర్లు, లీటరుకు 18 చొప్పున 35 లీటర్ల పెట్రోలు, లీటరుకు సుమారు 2.3 కిలోలు, మొత్తం 80 కిలోలు. నలుగురు పంచుకుంటే తలకు 20. అంటే ఈ ప్రయాణంలో మీ వంతు పొగను పూడ్చాలంటే 60కి పైగా పాల టీలు మానాలి. ఒక్కరే కారు తీసుకెళ్తే 250. మన పల్లె గేదె లెక్క ప్రపంచ సగటుకు అచ్చంగా సరిపోదు గాని, తేడా అంత పెద్దదైనప్పుడు తీర్పు మారదు. వాతావరణమే మీ కారణమైతే మెనూ కన్నా ముందు చూడాల్సింది కారులో ఖాళీ సీట్లు. నింపండి, లేదా ఆర్టీసీ బస్సెక్కండి. జంతువుల బాధ మీ కారణమైతే ఈ లెక్క మీకు వర్తించదు, టీ మానడమే అసలు విషయం.

హైవే హోటల్ యజమానులకు ఒక విన్నపం. ధరల బోర్డు మీద ఏ వంటకంలో పాలు, పెరుగు, నెయ్యి పడతాయో ఒక చిన్న గుర్తు పెట్టండి. వీగన్లకే కాదు, పాలు పడని పిల్లలకూ ముసలివాళ్లకూ అది పనికొస్తుంది. మీ వంటగదిలో మార్చాల్సింది ఏమీ లేదు. నెయ్యి గిన్నె విడిగా బల్ల మీద పెట్టి, కావలసినవాళ్లను వేసుకోనివ్వండి.