అది దగ్గదు... మూలగదు!

కుక్కకి ఒంట్లో బాగోకపోతే తోక ముడుచుకుని పడుకుంటుంది. పిల్లి ఓ మూలకి చేరుతుంది. మరి పాముకి జబ్బు చేస్తే? అరవలేదు, దగ్గలేదు, రెప్పలే లేవు కాబట్టి కళ్లు మూసుకోనూ లేదు. మొదటిసారి పాముని పెంచుతున్నవాళ్లకి అసలు చిక్కు అదే!

సికింద్రాబాద్‌ స్టేషన్లో పదో నంబరు ప్లాట్‌ఫామ్‌ వైపు బయటికొస్తే బోయిగూడ. టింబర్‌ డిపోలకు పేరున్న చోటు. దుంగలుంటే ఎలుకలు, ఎలుకలుంటే జెర్రిపోతులు... అది ప్రకృతి లెక్క. ఆ పాము గుమ్మంలో కనిపిస్తే ఎవరైనా కేకలే పెడతారు. అలాంటిది, ఇదే బస్తీలో ఓ అపార్ట్‌మెంట్‌ మూడో అంతస్తులోకి డిగ్రీ చదివే కుర్రాడు గాజుపెట్టెలో ఓ బాల్‌ పైథాన్‌ని తెచ్చి పెట్టాడనుకోండి. మొదటి వారమంతా ఒకటే గోల. ‘కరుస్తుందేమోరా’ అని అమ్మ. ‘పాలు పోయాలా నాయనా’ అని నానమ్మ. ‘ఆ లైటుకి కరెంటు బిల్లు ఎవడు కడతాడ్రా’ అని నాన్న.

డిసెంబరు వచ్చింది. పాము తిండి మానేసింది. వారం, రెండు వారాలు, నెల... ఇన్నాళ్లూ దాన్ని చూసి ఇంట్లోవాళ్లు భయపడ్డారు. ఇప్పుడు దానికేమవుతుందోనని కుర్రాడు భయపడుతున్నాడు.

ఉపవాసమా... అనారోగ్యమా?

బాల్‌ పైథాన్‌ ఆఫ్రికా పాము. విషం ఉండదు. భయపడితే బంతిలా చుట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పాము చలికాలంలో వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తినకపోయినా ఫర్వాలేదు. పిల్లపాముల విషయంలో మాత్రం అంత నిదానం పనికిరాదు. ఏది ఉపవాసమో, ఏది అనారోగ్యమో తేల్చి చెప్పేది వంటింట్లో వాడే చిన్న కాటా. వారానికోసారి తూచి పుస్తకంలో రాసుకోవాలి. బరువు నిలకడగా ఉంటే కంగారు లేదు. పదిశాతం మించి తగ్గితే మాత్రం డాక్టరుకి చూపించాల్సిందే.

అసలు తిండి మానేయడానికి చాలాసార్లు కారణం చలి. పాము శీతలరక్త జీవి. తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. తిన్నది అరగాలన్నా, రోగాన్ని తట్టుకోవాలన్నా బయటి వేడే ఆధారం. బాల్‌ పైథాన్‌కి పెట్టెలో ఒకవైపు 31 నుంచి 33 డిగ్రీల వేడి, రెండోవైపు 26 డిగ్రీల దాకా చల్లదనం ఉండాలి. ఏది కావాలంటే అటు జరుగుతుంది. మన జంటనగరాల్లో చలికాలం రాత్రి 15 డిగ్రీలకూ పడిపోతుంది, మే నెలలో పగలు 40 దాటుతుంది. రెండూ దానికి ప్రమాదమే. అలాగని థర్మోస్టాట్‌ లేని హీటర్‌ పెడితే పొట్ట కాలిపోతుంది. కాలుతున్నా పాము కదలకుండా పడుకునే ఉండొచ్చు!

చూసే కళ్లుండాలి

పాముకి మనలా ఉదరవితానం ఉండదు. ఊపిరితిత్తుల్లో కఫం చేరితే దగ్గి బయటికి పంపలేదు. నోరు తెరిచి గాలి పీల్చడం, ముక్కు దగ్గర బుడగలు, ఊపిరిలో గురగుర శబ్దం... ఇవి న్యుమోనియా గుర్తులు. చలి, మితిమీరిన చెమ్మ కలిస్తే వచ్చే జబ్బిది. చిగుళ్లు ఎర్రబడి జున్నుముక్కల్లాంటి చీము కనిపిస్తే నోటిపుండు. రోజంతా నీళ్లగిన్నెలోనే ముడుచుకుని ఉంటే పొలుసుల సందుల్లో గసగసాల్లాంటి నల్లటి పురుగులున్నాయేమో చూడాలి. అవి రక్తం పీల్చే మైట్స్‌.

కళ్లు నీలంగా మసకబారితే కంగారు పడక్కర్లేదు. కుబుసం విడిచే ముందు అంతే. గాలిలో తేమ సరిపోతే మేజోడులా ఒకే ముక్కగా ఊడుతుంది. ముక్కలుగా వస్తే తేమ తక్కువైనట్టు. కంటిమీద పొర మిగిలిపోతే గోటితో లాగకూడదు, చూపు పోతుంది.

బతికున్న ఎలుకని పెట్టెలో వదలడం ఇంకో పొరపాటు. ఆకలి లేని పాముని ఎలుకే కొరికి గాయపరుస్తుంది. తిన్నాక రెండు రోజులు దాన్ని చేతిలోకి తీసుకోకూడదు, కక్కేస్తుంది. ఇక నానమ్మ పాలు... పాముకి పాలు అరగవు. నాగులపంచమికి పాములవాళ్లు తెచ్చే నాగుపాము పాలు తాగిందంటే, అది భక్తి కాదు, రోజుల తరబడి నీళ్లివ్వకపోతే పుట్టిన దాహం.

ఇంట్లోవాళ్లకీ...

జబ్బులేని పాము మలంలోనూ సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. మనకి అదే జ్వరం, విరేచనాలు తెస్తుంది. అయిదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు దూరంగా ఉండటమే మేలు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పాము గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు.

డిపోలో దొరికిన జెర్రిపోతు పిల్లని పెంచుదామంటే కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జెర్రిపోతు, నాగుపాము, కొండచిలువల్ని పట్టి పెంచడం నేరం. ఇంట్లోకొస్తే అటవీశాఖకో, 1995 నుంచి జంటనగరాల్లో పాముల్ని కాపాడుతున్న ఫ్రెండ్స్‌ ఆఫ్‌ స్నేక్స్‌ సొసైటీకో చెప్పాలి. బాల్‌ పైథాన్‌ లాంటి విదేశీ జాతుల్ని 2024 నిబంధనల ప్రకారం పరివేష్‌ పోర్టల్లో నమోదు చేయించాలి. ఇది కూడా ఆరోగ్యం సంగతే. కాగితాలు లేని పాముని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికే జంకుతారు. పైగా పాముల్ని చూసే పశువైద్యులు అన్నిచోట్లా ఉండరు. అందుకే ముందు డాక్టరుని వెతుక్కోవాలి, తర్వాతే పాముని.

మన కుర్రాడి పాము విషయానికొస్తే... బరువు పెద్దగా తగ్గలేదు. థర్మామీటరు పెట్టి చూస్తే పెట్టెలో వేడి 22 డిగ్రీలే. సరిచేశాక మూడో వారానికి తింది. ఇంట్లో అందరికన్నా ముందు ‘హమ్మయ్య’ అన్నది నాన్నే. ఆ తర్వాత ఓ మాట అడిగాడు. ‘ఇది ఎన్నాళ్లు బతుకుతుందిరా?’

సరిగ్గా చూసుకుంటే 20 నుంచి 30 ఏళ్లు. అమెరికాలోని సెయింట్‌ లూయిస్‌ జూలో 60 ఏళ్లు దాటిన బాల్‌ పైథాన్‌ 2020లో గుడ్లు కూడా పెట్టింది. అబ్బాయి చదువు, ఉద్యోగం, పెళ్లి... అన్నిటికీ ఆ గాజుపెట్టె తోడుంటుంది. నాన్న అడిగిన ఆ ప్రశ్న కొన్న తర్వాత కాదు, కొనేముందే ఇంటిల్లిపాదీ కూర్చుని వేసుకోవాలి!