ఆకుపచ్చ పళ్లెం, విషం, వక్ఫ్

చైనా దేశపు జెజియాంగ్ రాష్ట్రంలోని లాంగ్‌చువాన్ బట్టీలలో పుట్టిన లేతాకుపచ్చ పాత్రలను హిందూస్థానంలో ‘ఘోరీ’ అన్నారు. బర్మాలోని మర్తబాన్ రేవు మీదుగా పశ్చిమ దేశాలకు చేరినందున అక్కడివారు ‘మర్తబానీ’ అన్నారు.

ఆ పచ్చదనం పసరు రంగు కాదు. మెరుగుపూతలో కొద్దిపాటి ఇనుము ఉంటుంది. బట్టీలో గాలిని తగ్గించి కాల్చితే అది పచ్చగా తేలుతుంది. గాలి ఎక్కువైతే పసుపు, గోధుమ వన్నెలకు తిరుగుతుంది. పూత లేని అడుగంచు మాత్రం తరచుగా ఇటుక ఎరుపుగా కనిపిస్తుంది.

విషం కలిసిన ఆహారం వడ్డిస్తే ఈ పళ్లెం పగిలిపోతుందని, రంగు మారుతుందని పూర్వం నమ్మేవారు. అది వట్టి మాట. గాజువంటి ఆ పూతకు విషమూ తేనే ఒక్కటే. అయినా ప్రాణభయం గల పాదుషాలకు ఆ నమ్మకం ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించగలం! ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ ప్రాసాదంలో ఇటువంటి పాత్రలు నేటికీ 1,300కు పైగా ఉన్నాయి.

మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించేది ఇరాన్‌లోని అర్దబీల్ ఉదంతం. 1611లో షా అబ్బాస్ వెయ్యికి పైగా చైనా పాత్రలను షేక్ సఫీ దర్గాకు వక్ఫ్ చేశాడు. వాటిలో అధికభాగం నీలి చిత్రాలవి, ఆకుపచ్చవీ ఉన్నాయి. వక్ఫ్ ముద్రను ఆ పాత్రలపైనే చెక్కించాడు. ‘చీనీఖానా’ గోడలలో పాత్రల ఆకృతులలోనే గూళ్లు అమర్చారు. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొత్తుపై తన యాజమాన్యం తొలగిందని చెక్కించడం సేకర్తకు సులభమైన పని కాదు.

నేటి సేకర్తకు ఎదురయ్యే చిక్కు వేరు. అతికిన పగులుపై రంగు పూసి, కొత్తదానికి పాతదనపు మురికి పట్టించి అమ్మేవారున్నారు. లాంగ్‌చువాన్‌లో ఇప్పుడు తయారయ్యే పాత్రలూ అందమైనవే. కొత్తవని చెప్పి అమ్మితే తప్పేమీ లేదు. ఐబును దాచి అమ్మితే సరుకును తిరిగి ఇచ్చే హక్కు కొన్నవారికి ఉందని ఫిఖహ్ గ్రంథాలలో బోధిస్తాము. తడిసిన ధాన్యాన్ని రాశి అడుగున ఉంచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించిన సంఘటన పాఠకులకు తెలిసినదే. ధాన్యానికి వర్తించినది పింగాణీకీ వర్తిస్తుంది.

తాతల నాటి పళ్లెం ఇంట ఉన్నవారు దానిని పులుసుతో, చింతపండుతో తోమి పరీక్షించవద్దు. అడుగంచు చూడండి, వెలుతురుకు ఎదురుగా పట్టి అతుకులు వెతకండి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా పాత్రలతో పోల్చి చూడండి. నూరేళ్లు దాటిన కళాఖండాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయడాన్ని 1972 నాటి పురావస్తు చట్టం నిషేధించింది. గల్ఫ్‌లోని బంధువులకు కానుకగా పంపదలచినవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.